షష్టిపూర్తి విందు: గుట్ట మీద అదానా, చెరువు పక్కన బేగమ్సా?

ప్రశ్న: నమస్కారం. డిసెంబర్‌లో నాన్నగారికి అరవై నిండుతాయి. షష్టిపూర్తి ఖమ్మంలో ఇంటి దగ్గరే చేస్తున్నాం. ఆ తర్వాతి ఆదివారం రాత్రి హైదరాబాద్‌లో మా ఆరుగురం (అమ్మా నాన్న, తమ్ముడు, మేమిద్దరం, ఏడేళ్ళ పాప) ఓ మంచిచోట భోజనం చేయాలని అనుకున్నాం. వెతికి వెతికి రెండు దగ్గర ఆగిపోయాను. ఒకటి తాజ్ ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ‘అదా’, రెండోది ఐటీసీ కోహినూర్‌లో ‘దమ్ పుఖ్త్ బేగమ్స్’. రెండింటికీ నాలుగున్నర పైనే స్టార్లు. ఒకరు జన్మలో మర్చిపోలేం అని రాస్తే, ఇంకొకరు డబ్బు దండగ అని రాస్తున్నారు. మేముండేది కొండాపూర్. అమ్మ శాకాహారి, షుగర్ ఉంది. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, ఈ మధ్యే కట్టుడు పళ్ళు పెట్టించుకున్నారు, కారం లేకపోతే ముద్ద దిగదు. మా బడ్జెట్ 35 వేలు. నాన్నగారు ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడేళ్ళు ఆర్టీసీ ఫలక్‌నుమా డిపోలో కండక్టర్‌గా చేశారు. ఆ ప్యాలెస్‌ని కింది నుంచి చూడ్డమే తప్ప ఒక్కసారీ లోపలికి వెళ్ళలేదని ఇప్పటికీ అంటుంటారు. ఏది ఎంచుకోమంటారు?

— కొండాపూర్ పాఠకురాలు

జవాబు: మీ ప్రశ్నకి జవాబు మీ ఉత్తరం ఆఖరి వాక్యాల్లోనే ఉందండీ. అదాకే వెళ్ళండి. మూడేళ్ళు ఆ గుట్ట కింద టికెట్లు కొట్టిన మనిషిని అరవయ్యో ఏట గుట్ట మీద కూర్చోబెట్టే అవకాశం ఉన్నప్పుడు, బేగమ్స్ కబాబు ఎంత మెత్తగా ఉన్నా దానికి సాటి రాదు. కాకపోతే మీరు రాసిన మిగతావన్నీ, మోకాళ్ళు, పళ్ళు, షుగర్, పాప, కొండాపూర్ నుంచి దూరం, బేగమ్స్ వైపే లాగుతున్నాయి. వాటిని ముందే సర్దుకోకపోతే ఆ సాయంత్రం అందరూ అలసిపోయి ఇంటికి చేరతారు. కాబట్టి ఎక్కడికి అన్నది ఒక్క ముక్కలో తేలిపోయినా, ఎలా అన్నది కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ముందు ఆ స్టార్ల సంగతి. 4.5కీ 4.6కీ తేడా వెతకడం వృథా. ఈ స్థాయి హోటల్లో చాలామంది ఐదు స్టార్లే ఇస్తారు, పుట్టినరోజుకో పెళ్ళిరోజుకో వచ్చి ముచ్చటపడి వెళ్తారు కాబట్టి. అసలు మీరు చూసిన స్టార్లు ఎవరివో చూడండి. మ్యాప్‌లో ‘తాజ్ ఫలక్‌నుమా ప్యాలెస్’ అని కొడితే వచ్చేది హోటల్ మొత్తానికి వచ్చిన రేటింగ్. గదులకీ, మెట్లకీ, షాండ్లియర్లకీ వేసిన స్టార్లు అవి. అదా పేరుతో విడిగా వెతికి, అందులో భోజనం గురించి రాసినవే చదవండి. జొమాటోలో అయితే కూర్చుని తిన్నవాళ్ళ రేటింగ్, ఇంటికి తెప్పించుకున్నవాళ్ళ రేటింగ్ వేర్వేరుగా ఉంటాయి. డబ్బాలో వచ్చిన బిర్యానీ మీద కోపం టేబుల్ మీది బిర్యానీకి అంటగట్టకూడదు కదా.

ఇంకో చిన్న గుర్తు. ‘ఫలానా గారు ఎంతో ఆప్యాయంగా వడ్డించారు’ అని వెయిటర్ పేరు పెట్టి రాసిన రెండు వాక్యాల రివ్యూలు వరసగా కనిపిస్తాయి. చాలామటుకు బిల్లు ఇచ్చేటప్పుడు ‘సార్, ఒక రివ్యూ’ అని అడిగించుకుని అక్కడే కూర్చుని రాసినవి అవి. అబద్ధాలు కావు గానీ వాటితో మీకు పని లేదు. కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని, గత మూడు నెలల్లో మూడు స్టార్లు ఇచ్చినవాళ్ళని చదవండి. ఐదు ఇచ్చినవాళ్ళు మురిసిపోయి రాస్తారు, ఒకటి ఇచ్చినవాళ్ళు మండిపడి రాస్తారు. మూడు ఇచ్చినవాళ్ళే ఏది బాగుంది, ఏది బాగోలేదు అని విడదీసి చెబుతారు. ఎవరైనా బిల్లు ఫోటో పెడితే అది పది రివ్యూల పెట్టు: ఏం తెప్పించారు, ఎంతైంది, సర్వీస్ ఛార్జ్ వేశారా లేదా, అన్నీ అందులోనే ఉంటాయి.

‘డబ్బు దండగ’ అన్నవాళ్ళ మాటా తీసిపారేయక్కర్లేదు. దాని వెనక సాధారణంగా ఉండేవి రెండు కారణాలు. ఫలక్‌నుమాకి వచ్చేవాళ్ళలో చాలామందికి ఆ 101 మంది ఒకేసారి కూర్చునే పొడవాటి టేబుల్ మీదే కళ్ళుంటాయి. 2017 నవంబర్‌లో ప్రధాని మోదీ, ఇవాంకా ట్రంప్‌లకి విందు జరిగిన టేబుల్ అది. అదా వేరు. అదాలో బుక్ చేసుకుంటే ఆ టేబుల్ దగ్గర కూర్చోబెట్టరు, దానికి బుకింగే వేరు. ఇది తెలీక వెళ్ళినవాళ్ళకి మొదటి నిమిషంలోనే ఉత్సాహం చల్లారుతుంది. నాన్నగారికి ముందే చెప్పేయండి.

రెండో కారణం బేగమ్స్‌కి సంబంధించింది. ‘ఇదేం బిర్యానీ, చప్పగా ఉంది’ అనేది మన హైదరాబాద్ నాలుక చేసే ఫిర్యాదు. దమ్ పుఖ్త్ అనేది లక్నో సంప్రదాయం, అవధ్ నవాబుల వంట. ఐటీసీ వాళ్ళు 1980ల చివర్లో ఢిల్లీలోని తమ మౌర్య హోటల్లో ఆ పేరుతో రెస్టారెంట్ మొదలుపెట్టారు. దానికి పేరు తెచ్చిన వంటమాస్టరు ఇంతియాజ్ ఖురేషీకి 2016లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన పోయారు. కోహినూర్‌లో ఉన్నది ఆ దమ్ పుఖ్త్ రెస్టారెంట్ల కుటుంబంలోదే, బేగంల వంటింటి పేరు పెట్టుకుంది. అక్కడ కారం ఘాటుగా ఉండదు. ఉండకూడదు కూడా. కేవడా (మొగలిపువ్వు), కుంకుమపువ్వు, యాలకుల వాసనల మీద నడిచే వంట అది. గొడ్డుకారం అలవాటైన నాలుకకి మొదటి రెండు ముద్దల్లో ఏమీ తగలదు.

తేడా ఎక్కడుందో గిన్నెలోకి తొంగి చూస్తే తెలుస్తుంది. హైదరాబాదీ కచ్చీ బిర్యానీలో మాంసం పచ్చిదే వేస్తారు. పెరుగు, పచ్చి బొప్పాయి ముద్ద, వేయించిన ఉల్లి, పచ్చిమిర్చి, గరం మసాలా పట్టించి కొన్ని గంటలు నాననిచ్చి, దాన్ని హండీ అడుగున పరుస్తారు. పైన సగం పైచిలుకు ఉడికిన బియ్యం. మూత అంచుకి పిండిముద్ద అతికి, ముందు పెద్ద మంట, తర్వాత సన్నని సెగ. మాంసంలోంచి వచ్చే ఆవిరే పైకెక్కి అన్నాన్ని పూర్తిగా ఉడికిస్తుంది. లక్నో పద్ధతిలో అలా కాదు. మాంసాన్ని ముందే యఖ్నీలో, అంటే మసాలా దినుసులు వేసిన ఎముకల రసంలో ఉడికించి, ఆ రసంతోనే బియ్యానికి రుచి పట్టించి, రెండూ కలిపి కాసేపు దమ్ పెడతారు. అందుకే లక్నో బిర్యానీ గిన్నె అంతా ఒకే రుచిలో ఉంటుంది. కచ్చీ బిర్యానీలో మాత్రం అడుగున ఓ రుచి, పైన ఇంకో రుచి.

దీనివల్ల వడ్డనలో జరిగే పొరపాటు ఒకటి ఉంది, గమనించండి. కచ్చీ బిర్యానీని గరిటె అంచు వెంట కిందిదాకా నిలువుగా దింపి, పొర చెదరకుండా తీయాలి. హడావుడిలో పైపైన తీసి పెట్టారంటే మొదటి ఇద్దరికీ తెల్లన్నం వస్తుంది, ఆఖరి ఇద్దరికీ ఉప్పూ కారం ముద్ద వస్తుంది. ‘ఉప్పెక్కువ’, ‘ఉప్పు లేదు’ అని ఒకే టేబుల్ మీద ఇద్దరు గొడవపడటానికి సాధారణంగా ఇదే కారణం. వెయిటర్‌తో ‘కింది నుంచి తీయండి’ అని మర్యాదగా అంటే చాలు, నొచ్చుకోరు. నాన్నగారికి మసాలా ఎక్కువున్న అడుగు భాగం, పాపకి పై పొర. ఒక గిన్నెలోంచే ఇద్దరికీ సరిపోతుంది, పాపకి వేరే ఏదీ చెప్పక్కర్లేదు. అదా వంట హైదరాబాద్ వంట కాబట్టి కారం విషయంలో నాన్నగారికి ఇబ్బంది ఉండదు. అయినా పెద్ద హోటళ్ళలో బయటి దేశాల అతిథుల కోసం కారం ఓ మెట్టు తగ్గించడం మామూలే. ఆర్డర్ ఇచ్చేటప్పుడే ‘మేం తెలుగువాళ్ళం, కారం తగ్గించొద్దు’ అనండి. ఒకసారి దమ్ ఎక్కాక కారం కలపడం కుదరదు. మిర్చీ కా సాలన్ పక్కన ఉంటే ఆ లోటు అదే పూడుస్తుంది.

ఇక పళ్ళు. ఇక్కడ నిజంగా బేగమ్స్‌దే పైచేయి. కాకోరీ కబాబ్ అనేదే పళ్ళతో పనిలేని వంటకం. సన్నగా నూరిన కీమా, పెదవులతో నొక్కితే కరిగిపోతుంది. అదాలో మీరు చూసి ఎంచుకోవాలి. హైదరాబాద్ పేరు చెప్పగానే అందరూ పత్తర్ కా గోష్త్ తెప్పిస్తారు. వేడి రాతి పలక మీద కాల్చిన పల్చటి మాంసం ముక్కలు, రుచికి తిరుగులేదు. కానీ నమలాలి. కొత్త కట్టుడు పళ్ళకి అది పరీక్షే. పీచు ముక్క దంతాల సెట్టు కిందికి పోయిందంటే మిగతా విందంతా చెయ్యి అడ్డుపెట్టుకుని కూర్చోవాలి. అది మీ తమ్ముడికి, మీ ఆయనకి వదిలేయండి. నాన్నగారికి శికంపూర్ కబాబ్ ఉందేమో అడగండి. మెత్తటి కీమా బిళ్ళ, మధ్యలో గట్టి పెరుగు, ఉల్లి, పుదీనా. స్పూనుతో విరుగుతుంది. మరగ్ ఉంటే ఇంకా మంచిది, చలికాలంలో వేడివేడి మాంసం రసం, ముక్క ఎముక నుంచి దానంతటదే జారుతుంది. మెనూ అప్పుడప్పుడూ మారుతుంటుంది కాబట్టి ఈ పేర్లు రాసిపెట్టుకుని బుకింగ్ రోజునే ఫోన్లో అడగండి.

అమ్మగారి విషయం కొంచెం జాగ్రత్తగా చూడాలి. మొగలాయీ, నిజామీ వంటశాలల్లో శాకాహారం అంటే పన్నీర్ అనుకుని ఊరుకునే ప్రమాదం ఉంది. అదాలో ఆమెకి అసలు దిక్కు బగారా బైంగన్, ఖట్టీ దాల్ (పుల్లటి పప్పు). బగారా బైంగన్ మన గుత్తివంకాయకి దగ్గరి చుట్టమే: పల్లీలు, నువ్వులు, ఎండు కొబ్బరి నూరిన ముద్ద, చింతపండు పులుపు. ఇంట్లో ఎవరికైనా పల్లీలు పడకపోతే మాత్రం ముందే చెప్పాలి, రుచి చూసి పసిగట్టలేనంత మెత్తగా నూరతారు.

ఫోన్లో అడగాల్సిన ప్రశ్నలు మూడున్నాయి. శాకాహారం గ్రేవీల్లో, కూరగాయల బిర్యానీలో ఎక్కడైనా యఖ్నీ వాడతారా? శాకాహారపు కబాబులకి సీకులు, పెనం వేరేనా? నాన్ పిండిలో గుడ్డు కలుపుతారా? ‘ప్యూర్ వెజ్ మేడమ్’ అనే జవాబుతో ఆగకండి. అందులో మాంసం ముక్క లేదని మాత్రమే అవతలివాళ్ళ ఉద్దేశం కావచ్చు. వంటగదిని అడిగి చెప్పమనండి, వెనక్కి ఫోన్ చేస్తారు. సీకు, తందూరు వేరు కావని తేలితే అమ్మగారికి కబాబులు వద్దు, కూరా పప్పూ రొట్టెతో సుఖంగా తింటారు.

షుగర్ ఉన్నవాళ్ళకి పెద్ద హోటల్ డిన్నర్‌లో ఇబ్బంది పెట్టేది తీపి ఒక్కటే అనుకుంటాం. వేళ కూడా ఇబ్బందే. ఎనిమిదికి కూర్చుంటే ఆర్డర్, స్టార్టర్లు దాటి అసలు భోజనం వచ్చేసరికి తొమ్మిది దాటుతుంది. భోజనానికి ముందు వేసుకునే మాత్ర గానీ ఇన్సులిన్ గానీ ఇంటి దగ్గరే కానిచ్చుకుని బయల్దేరితే దారిలోనే షుగర్ పడిపోవచ్చు. వెంట తీసుకెళ్ళి, రొట్టెలు టేబుల్ మీదికి వస్తున్నప్పుడు వేసుకోవాలి. ఎలా సర్దుకోవాలో ఆమె డాక్టర్‌ని ఒకసారి అడిగి ఉంచండి. ఖుబానీ కా మీఠా ఒక స్పూను పక్కనుంచి రుచి చూడొచ్చు గానీ, అది ఎండు ఆప్రికాట్లని పంచదారతో ఉడికించిందని గుర్తుండాలి. పండే కదా అని కప్పు ఖాళీ చేయనివ్వకండి. పాపకి కూడా ఆరింటికి ఇంట్లో ఏదైనా పెట్టి బయల్దేరండి. ఆకలిమీదున్న పిల్లకి నిజాములతో పనిలేదు.

ఇక బుకింగ్. యాప్‌లో నొక్కి వదిలేయకుండా హోటల్‌కి నేరుగా ఫోన్ చేయండి. ఫలక్‌నుమాలో బుకింగ్ లేనివాళ్ళ కారుని కింద గేటు దాటనివ్వరు, చూసి వెళ్తాం అంటే కుదరదు. డిసెంబర్ కాబట్టి కనీసం మూడు వారాల ముందు అడగాలి. మొదటి ప్రశ్న: ఆ ఆదివారం పెళ్ళిగానీ పెద్ద పార్టీగానీ ఉందా? మొత్తం ప్యాలెస్‌ని తీసుకుని పెళ్ళిళ్ళు చేసేవాళ్ళున్నారు. అలాంటి రోజు బయటివాళ్ళకి టేబుల్ ఇవ్వకపోవచ్చు, ఇచ్చినా సగం చోట్లకి తాళం, మిగతా సగం డీజే మోత. తలకి ఇంత అని కనీస మొత్తం పెట్టారా, ముందే కట్టాలా, రద్దు చేసుకుంటే వెనక్కిస్తారా అన్నది రెండో ప్రశ్న. భోజనానికి వచ్చినవాళ్ళకి ప్యాలెస్ తిప్పి చూపిస్తారా, ఎన్నింటికి, దానికి విడిగా డబ్బు కట్టాలా అన్నది మూడోది. మీ విషయంలో ఈ మూడోదే ముఖ్యం. లోపల చూడకుండా అన్నం తిని వచ్చేస్తే నాన్నగారి కోరిక సగమే తీరినట్టు.

మోకాళ్ళ సంగతి అప్పుడే చెప్పేయండి. గేటు నుంచి పైకి నడవక్కర్లేదు, బండి ఉంటుంది. గుర్రపు బగ్గీ ఫోటోలు చూసి ఆశపడి ఉంటారు, అది ముఖ్యంగా అక్కడ బస చేసేవాళ్ళ కోసం. మీకూ దొరికే వీలుందేమో అడగడంలో తప్పులేదు, దొరక్కపోతే మామూలు బ్యాటరీ బండి. బండి దిగాక మాత్రం మెట్లుంటాయి, వరండాలుంటాయి, టూర్ అంతా నిలబడి వినాలి. ‘వీల్‌చైర్ సిద్ధంగా ఉంచండి, మెట్లు లేని దారి ఏదో చెప్పండి’ అని అడగండి. నాన్నగారు వీల్‌చైర్ అంటే ససేమిరా అంటారేమో. పోనీ చేతికర్ర తీసుకెళ్ళి, ప్రతి గదిలో ఓ ఐదు నిమిషాలు కూర్చునేలా టూర్ చేసే మనిషితో మాట్లాడుకోండి.

ఆయనకి చెప్పడానికి కథ కావలసినంత ఉంది. కట్టడం 1884లో మొదలుపెట్టింది నిజాంల కొలువులో పెద్ద ప్రభువులైన పాయెగా వంశానికి చెందిన వికారుల్ ఉమ్రా. తేలు ఆకారంలో ఉంటుంది అంటారు. కట్టడం పూర్తయిన కొన్నాళ్ళకే అది ఆరో నిజాం మహబూబ్ అలీ చేతికి వెళ్ళింది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేశాక దశాబ్దాలపాటు దాదాపు మూతపడే ఉంది. తాజ్ వాళ్ళు ఏళ్ళ తరబడి బాగుచేయించి 2010 నవంబర్‌లో హోటల్‌గా తెరిచారు. నాన్నగారు డిపోలో పనిచేసింది అంతకుముందైతే ఆ రోజుల్లో మామూలు మనిషికి లోపలికి దారే లేదు. ఆయన వెళ్ళకపోవడం కాదు, వెళ్ళే వీల్లేదు.

దారి గురించి. కొండాపూర్ నుంచి ఊరి మధ్యలోంచి, చార్మినార్ మీదుగా పోయే ఆలోచన పెట్టుకోవద్దు. ఆదివారం సాయంత్రం పాతబస్తీలో మీ బండి అంగుళం అంగుళం జరుగుతుంది. గచ్చిబౌలిలో ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి రాజేంద్రనగర్ దగ్గర దిగి, ఆరాంఘర్, చాంద్రాయణగుట్ట మీదుగా ఫలక్‌నుమా చేరండి. కిలోమీటర్లు ఎక్కువే గానీ ఆగుళ్ళు తక్కువ. మెహదీపట్నం వైపు పని ఉంటే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి ఆరాంఘర్‌లో దిగొచ్చు. ఎటు వెళ్ళినా గంటన్నర చేతిలో ఉంచుకోండి. చివర ఇంజన్ బౌలి దగ్గర సందులు ఇరుకు, మ్యాప్ ఒక్కోసారి వెనక గల్లీలోకి తిప్పుతుంది. గేటు ఎటువైపో బుకింగ్ అప్పుడే అడిగి ఉంచండి. చలికాలంలో ఆరు కాకముందే సూర్యుడు దిగిపోతాడు, కాబట్టి వెలుతురుండగా చూడాలంటే ఐదుకల్లా అక్కడుండాలి. టూర్ ఐదింటికి దొరక్కపోతే బాధపడక్కర్లేదు, పై నుంచి ఊరి దీపాలు చూడటం కూడా చిన్న సంగతి కాదు. గుట్ట మీద గాలి చల్లగా ఉంటుంది, అమ్మగారికి శాలువా మర్చిపోకండి.

క్యాబ్ నమ్ముకుని వెళ్ళొద్దు. వెళ్ళేటప్పుడు వస్తుంది, రాత్రి పదకొండుకి కొండాపూర్ దాకా రమ్మంటే ఒకడు ఒప్పుకుని రద్దు చేస్తాడు, ఇంకొకడు డబుల్ అడుగుతాడు. ఆరుగురూ పట్టే ఏడు సీట్ల బండి సాయంత్రం నుంచి రాత్రి దాకా మాట్లాడుకోండి, డ్రైవర్ భోజనం ఖర్చు కలిపే.

డబ్బు లెక్క దగ్గర చాలామంది పొరబడతారు. మెనూలో ధరలకి పన్ను కలిపి ఉండదు. గది అద్దె 7,500 దాటే హోటళ్ళలో భోజనానికి జీఎస్టీ 18 శాతం, వీధిలోని రెస్టారెంట్‌లో లాగా 5 కాదు. దానికి ముందు సర్వీస్ ఛార్జ్ 10 శాతం వేశారనుకోండి, జీఎస్టీ ఆ రెండూ కలిపిన మొత్తం మీద పడుతుంది. 20,000 తింటే 2,000 సర్వీస్ ఛార్జ్, 22,000 మీద 3,960 పన్ను, వెరసి 25,960. మీ 35 వేలని వెనక్కి లెక్కేస్తే మెనూ ధరల్లో 26,950 దాటకూడదు, అంటే తలకి 4,500కి కాస్త తక్కువ. సర్వీస్ ఛార్జ్ తప్పనిసరి కాదు. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆ మేరకు మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. వద్దనుకుంటే బిల్లు తీయకముందే ‘సర్వీస్ ఛార్జ్ వేయకండి’ అని చెప్పాలి, కార్డు గీకాక గొడవెందుకు. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. వడ్డించినవాళ్ళు బాగా చూసుకుంటే ఆ డబ్బే వాళ్ళ చేతిలో పెట్టండి, వాళ్ళకి అదే ఇష్టం. మందు తాగేవాళ్ళుంటే దాని మీద జీఎస్టీ ఉండదు గానీ రాష్ట్ర పన్ను ఉంటుంది, హోటల్ ధర అసలే ఎక్కువ. మీ బడ్జెట్‌ని కుదేలు చేసేది అదే.

కూర్చోగానే అడిగే మొదటి ప్రశ్న ‘స్టిల్ ఆర్ స్పార్కలింగ్?’ అని. మామూలు సీసా నీళ్ళా, గ్యాస్ నీళ్ళా అని. ఆ రెండూ డబ్బుల నీళ్ళే. ‘మామూలు ఫిల్టర్ నీళ్ళు’ అనండి. మొహమాటపడి తలూపితే ఆరుగురికి రాత్రంతా సీసాలు తెరుస్తూనే ఉంటారు, బిల్లులో అదో కూర ఖరీదు. ఒక్క డిన్నర్ కోసం హోటల్ సభ్యత్వం కొనమని ఎవరైనా చెబితే వద్దనండి. ఉన్న క్రెడిట్ కార్డు మీద తగ్గింపు ఉందేమో ముందు అడిగితే చాలు.

ఎంత తెప్పించాలి అంటే, పెద్దవాళ్ళు ఐదుగురు, పాప. అందులో మాంసం తినేవాళ్ళు నలుగురు, పాప సగం. స్టార్టర్లు రెండు మాంసానివి, ఒకటి శాకాహారం. కచ్చీ బిర్యానీ రెండు. కబాబులు తిన్నాక ఒక్కో ప్లేటు ఇద్దరికి సరిపోతుంది, అయినా ఎన్ని గ్రాములో, ఎన్ని ముక్కలో అడిగి చెప్పండి. బగారా బైంగన్ ఒకటి, ఖట్టీ దాల్ ఒకటి, అమ్మగారికి తెల్లన్నం ఒకటి, రొట్టెలు ఐదారు. మాంసం కూర ఇంకొకటి కావాలని నోరూరుతుంది, బిర్యానీ వచ్చాక చూసుకోండి. అన్నీ ఒకేసారి చెబితే అన్నీ ఒకేసారి వచ్చి సగం చల్లారతాయి. తీపి రెండు కప్పులు పంచుకుంటే చాలు, ఒకటి ఖుబానీ, ఒకటి బ్రెడ్డుతో చేసే డబుల్ కా మీఠా. ఇంట్లోంచి కేకు తీసుకెళ్ళేముందు అడగాలి, చాలా హోటళ్ళు బయటి కేకుని రానివ్వవు, రానిస్తే కోసినందుకు డబ్బు తీసుకుంటాయి. నాన్నగారు పట్టుపంచెతో వస్తానంటే అదీ ఫోన్లో ఒక మాట అనేయండి. మీ ఆయన, తమ్ముడు నిక్కర్లు, చెప్పులతో మాత్రం రాకూడదు.

ఆదివారం పెట్టుకోవడం మటుకు తెలివైన పని. శనివారం అయితే నాన్నగారు మాంసం ముట్టేవారో లేదో!

ఒకవేళ ఆ రోజు ప్యాలెస్‌లో పెళ్ళి ఉందన్నా, అప్పటికి మోకాళ్ళు మరీ ఇబ్బంది పెడుతున్నా, వెంటనే బేగమ్స్‌కి మారండి, సందేహించక్కర్లేదు. మీ ఇంటికి దగ్గర, దుర్గం చెరువు పక్కనే, కొత్త హోటల్ కాబట్టి లిఫ్టులో వెళ్ళి కూర్చోవడమే. అక్కడ కాకోరీ, దమ్ పప్పు, వర్కీ పరాఠా (పొరల పరాఠా) తెప్పించుకుని, కారం సంగతి నాన్నగారికి ముందే చెప్పి తీసుకెళ్ళండి. ఆదివారం సాయంత్రం కేబుల్ బ్రిడ్జి మీద ఫోటోల జనం ఉంటారు, ఇనార్బిట్ వైపు నుంచి వెళ్ళడం నయం. షష్టిపూర్తి విందు ఒక నెల వాయిదా పడ్డా కొంప మునగదు కాబట్టి, ప్యాలెస్ వాళ్ళు ఇంకో ఆదివారం ఇస్తామంటే మాత్రం బేగమ్స్ కంటే ముందు అదే ఒప్పుకోండి.

అదాకే వెళ్తే, తిరుగు ప్రయాణంలో గుట్ట దిగాక నేరుగా హైవే పట్టకుండా డిపో ముందు నుంచి పోనివ్వమని డ్రైవర్‌కి చెప్పండి. దారి మ్యాప్‌లో చూడక్కర్లేదు, ముందు సీట్లో నాన్నగారిని కూర్చోబెట్టండి.